చెవి అక్షరం, కంటి అక్షరం: కొల్లేటి ప్రాంతపు తొలి తరగతుల్లో మౌఖిక బాలసాహిత్య వినియోగం

వ్యాస సంగ్రహం

తొలి తరగతుల తెలుగు బోధనలో మాటలను రాతలోని సులువును బట్టి వరుస పెడతారు. బిడ్డ ఇంటి నుంచి తెచ్చుకునే మాటలు తరచుగా ఆ వరుసలో ఇమడవు. ఒత్తు మాటల్లో చెవికి వినిపించే విరుపు, రాతలో కనిపించే విరుపు వేరు కావడం ఈ విరోధానికి ఒక ముఖ్య కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఛందశ్శాస్త్రం ఎప్పుడో గుర్తించిన ఈ సంగతిని పిల్లల ఆటపాటల ద్వారా తరగతి గదిలో ఎలా ఆచరణలో పెట్టవచ్చునో వివరిస్తుంది. ఉదాహరణలు కలిదిండి పరిసరాల వాడుక నుంచి గ్రహించినవి.

కీలక పదాలు: బాలసాహిత్యం, వాచకం, అక్షరం, ద్విత్వం, ఛందస్సు, ఆటపాటలు, కొల్లేరు

1. ఉపోద్ఘాతం

తెలుగు పరిశోధకులకు కలిదిండి ఒక తామ్రశాసనం పేరుగా పరిచితం. నన్నయను భారతాంధ్రీకరణకు ప్రోత్సహించిన రాజరాజనరేంద్రుడు, కలిదిండి యుద్ధంలో మరణించిన సేనానుల స్మృతికి శివాలయాలు నిర్మించి చేసిన దానాన్ని ఆ శాసనం తెలుపుతుంది. ఈ వ్యాసం ఆ ఊరిని మరొక కారణంగా తలచుకుంటున్నది. కొల్లేటికి దక్షిణాన చేపల చెరువుల నడుమ ఉన్న కలిదిండి మండలం 2022 ఏప్రిల్ 4 వరకు కృష్ణా జిల్లాలోను, ఆనాటి నుంచి ఏలూరు జిల్లాలోను ఉంది. అక్కడి పిల్లవాడు ఒకటో తరగతికి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకునే మాటలేమిటి, బడి వాటిని ఏం చేస్తున్నది అన్నవి ఇక్కడి ప్రశ్నలు.

ఈ ప్రశ్న నాకు ఒక స్వానుభవం నుంచి కలిగింది. ఒకటో తరగతిలో ‘ఊ’తో మొదలయ్యే మాట చెప్పమన్నప్పుడు నేను ‘ఊత’ అన్నాను. ఆ మాట నల్లబల్ల మీదికి రాలేదు. ‘ఊయల’ అని రాసి దిద్దించారు. మా ఇంటి చూరు కింద ఊత ఉండేది, ఊయల లేదు. పైనా కిందా తెరిచి ఉండే వెదురు బుట్టను లోతులేని నీటిలో చేప మీద అదిమి, పై నోటి నుంచి చెయ్యి పెట్టి చేపను తీయడం మా మామ్మ చేతిలో నేను చూసిన పని. ఆ రోజు బడిలో నాకు అర్థమైనది ‘ఊ’ అక్షరం కాదు. ఇంట్లో మాట బడిలో మాట కాదన్న సంగతి. ఇది ఉపాధ్యాయుల మీద ఫిర్యాదు కాదు. వారి చేతిలోని వాచకం వారిని ఆ మాట వైపు నడిపించింది. కనుక పరిశీలించవలసింది వాచకాన్ని. ఒక కావ్యాన్ని విమర్శించినంత శ్రద్ధగా వాచకపు తొలి పుటను మన శాఖల్లో విమర్శించడం అరుదు. ఆ ప్రయత్నమే ఈ వ్యాసం.

2. పూర్వ విమర్శ

తెలుగు బడి మీద విమర్శ కొత్తది కాదు. 1816లో తెలుగు వ్యాకరణం ప్రకటించిన ఏ.డి. క్యాంబెల్, బళ్ళారి కలెక్టరుగా 1823లో దేశీయ పాఠశాలల గురించి ఒక నివేదిక పంపాడు. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడాన్ని, పెద్ద పిల్లలు చిన్నవారికి నేర్పడాన్ని అందులో వర్ణించాడు. ఈ పద్ధతిలోని పొదుపును మెచ్చుకున్నాడు. అయితే పిల్లలు వల్లించే పద్యాల భాష మాట్లాడే భాషకు చాలా దూరమని, అర్థం తెలియకుండానే వల్లెవేత సాగుతున్నదని ఆక్షేపించాడు.

ఆ దూరాన్నే గిడుగు వెంకట రామమూర్తి ఉద్యమంగా మలిచారు. పుస్తకాల భాషకూ వాడుక భాషకూ మధ్య ఉన్న అంతరం గురించి విద్యాశాఖాధికారి జె.ఏ. యేట్స్ వేసిన ప్రశ్న ఆయనను ఆ వైపు నడిపించిన కారణాల్లో ఒకటన్నది ప్రసిద్ధం. అంతకన్నా మనకు దగ్గరి సంగతి ఆయన సవర భాషా కృషి. పర్లాకిమిడి ప్రాంతపు సవర పిల్లలకు వారి భాషలోనే వాచకాలు రాసి, బడులు నడిపించారు. బిడ్డ మాటే బడి మాట కావాలన్న సూత్రానికి ఇంతకన్నా స్పష్టమైన ఆచరణ మన చరిత్రలో తక్కువ. తరువాత పాఠశాలల పర్యవేక్షణాధికారిగా పనిచేసిన చలం ‘బిడ్డల శిక్షణ’లో పిల్లల స్వేచ్ఛను చర్చకు తెచ్చారు. గుజరాతీలో గిజుభాయి బధేకా ‘దివాస్వప్న’లో కథలతో, ఆటలతో పాఠం మొదలుపెట్టే ఉపాధ్యాయుణ్ణి చిత్రించాడు.

గిడుగు ఉద్యమ ఫలితంగా నేటి వాచకాల వాక్యం వ్యావహారికమైంది. కాని వాక్యం కన్నా ముందున్న మాటల వరుస ఆ చర్చకు లోబడలేదు. గ్రాంథిక వ్యావహారిక వివాదం వ్యాకరణ రూపాల చుట్టూ తిరిగింది. ‘వల’ ముందా, ‘అమ్మ’ ముందా అన్నది ఆ వివాదంలో ప్రధానం కాలేదు.

3. తొలి పుట: ఒక పాఠ విమర్శ

అక్షరమాల బొమ్మల పుటలో తరతరాలుగా కనిపించే మాటలు అమ్మ, ఆవు, ఇల్లు, ఈగ, ఉడుత, ఊయల. ఆ తరువాత పాఠాలలో మరొక వరుస మొదలవుతుంది. ముందుగా తలకట్టు మాటలు: అల, వల, తల, పలక, గడప. పిదప గుణింతపు మాటలు. చివరకు ద్విత్వాక్షర, సంయుక్తాక్షర పదాలు. పెద్దబాలశిక్షలో రెండక్షరాల మాటలు, మూడక్షరాల మాటలు అన్న విభజన ఉంది. అది అక్షరాల సంఖ్యను ఆధారం చేసుకుంది. నేటి వరుస అక్షరాల ఆకారాన్ని ఆధారం చేసుకుంది.

ఈ రెండు వరుసలను పక్కపక్కన పెడితే ఒక వైరుధ్యం కనిపిస్తుంది. మొదటి పుటలోని మొదటి మాట ‘అమ్మ’లో ద్విత్వం ఉంది, ‘ఇల్లు’లోనూ ఉంది. ద్విత్వం నేర్పేది మాత్రం చాలా నెలల తరువాత. అంటే తొలి మాటను బిడ్డ చదవడు. బొమ్మను చూసి పలుకుతాడు. రెండవ సంగతి: అచ్చుల అక్షర రూపాలు తెలుగు మాటల్లో దాదాపుగా మొదటే వస్తాయి. మధ్యలో అవి గుణింతపు గుర్తులుగా మారిపోతాయి. కనుక అచ్చులన్నీ వరుసగా నేర్చిన బిడ్డకు వాటితో చదవగలిగే మాటలు దాదాపు లేవు. వ, ల, త, ప, డ, గ వంటి కొద్ది హల్లులతో వల, తల, పడవ, గడప చదవవచ్చు. ఈ దృష్టితో తలకట్టు మాటల పాఠానికి బలమైన సమర్థన ఉంది. దానిని తేలికగా తోసిపుచ్చలేం.

అయితే బిడ్డకు అత్యంత ఆత్మీయమైన మాటలు ఆ పాఠంలోకి రావు. అమ్మ, అక్క, అన్న, అత్త, అవ్వ, బువ్వ, అన్నం, కుక్క, పిల్లి, కప్ప అన్నీ ఒత్తు మాటలే. కలిదిండి పిల్లల మాటలు చూసినా అంతే: రొయ్య, జెల్ల, బొచ్చె, గట్టు. వల, పడవ, ఊత, గాలం, దోనె, కొరమేను మాత్రం ఒత్తు లేకుండా నిలుస్తాయి. తెలుగు బిడ్డ మొదట పలికే మాటలు ఎక్కువగా ఒత్తుతోనే ఉండగా, బడిలో ఒత్తు చివర వస్తున్నది. ఇది కేవలం వాచక రచయితల అలక్ష్యమా, లేక లిపిలోనే దీనికి కారణం ఉన్నదా?

4. ఒత్తు దగ్గర జరిగేది

కారణం లిపిలో ఉంది. దానిని చూపడానికి కొత్త సిద్ధాంతం అక్కరలేదు. మనం డిగ్రీ తరగతుల్లో చెప్పే ఛందస్సు చాలు. ద్విత్వ, సంయుక్తాక్షరాలకు ముందున్న లఘువు గురువవుతుందని చెబుతాం. ఎందుకు అవుతుంది? పలికేటప్పుడు ఒత్తులోని మొదటి హల్లు వెనుక అక్షరానికి చేరుతుంది గనుక. ‘అమ్మ’ను చెవి ‘అమ్ – మ’ అని విరుస్తుంది. రాత మాత్రం ‘అ – మ్మ’ అని విరుస్తుంది. ‘రొయ్య’ చెవికి ‘రొయ్ – య’. కంటికి ‘రొ – య్య’. ‘వల’, ‘పడవ’ వంటి మాటల్లో ఈ తేడా లేదు. చెవి ఎక్కడ విరిచిందో రాతా అక్కడే విరుస్తుంది.

తలకట్టు మాటల పాఠం పిల్లలకు సులువుగా ఉండడానికి అక్షరాల ఆకారం తేలిక కావడం ఒక్కటే కారణం కాదు. ఆ మాటల్లో చెవి విరుపు, కంటి విరుపు ఒకటే. ఒత్తు మాటలు కష్టం కావడానికి కారణమూ ఒత్తు గుర్తు ఆకారం మాత్రమే కాదు. అక్కడ బిడ్డ తన చెవి చెప్పినదాన్ని కాదని కన్ను చెప్పినదాన్ని నమ్మవలసి వస్తుంది. పిల్లలు ‘అమ్మ’ను ‘అమ’ అనో, ‘గట్టు’ను ‘గటు’ అనో రాసినప్పుడు దానిని అజాగ్రత్త అనుకుంటాం. వారు విన్న రెండు అక్షరాలూ రాశారు. మొదటి అక్షరం చివర తాము విన్న హల్లును ఎక్కడ పెట్టాలో తెలియక వదిలేశారని గ్రహిస్తే దిద్దే తీరు మారుతుంది.

సున్న ఈ రెంటికీ మధ్య మెట్టు. ‘కొంగ’లో అనునాసికం చెవికి మొదటి అక్షరంతో కలుస్తుంది, రాతలోనూ సున్న ‘కొ’ పక్కనే నిలుస్తుంది. ఇక్కడ మొదటి అక్షరం గురువు, అయినా చెవికీ కంటికీ తగాదా లేదు. అందువల్ల వల, పడవల తరువాత కొంగ, జింక, పంది. ఆ తరువాత గట్టు, రొయ్య అన్న క్రమానికి ధ్వనిపరమైన హేతువు ఉంది. పెలికాన్లకు పేరు పొందిన ఆటపాక పక్షి కేంద్రం కైకలూరు దగ్గరే ఉంది. ‘కొంగ’ అన్న మాటకు ఆ ప్రాంతపు పిల్లలకు బొమ్మ చూపవలసిన పని లేదు. కిటికీ చూపితే చాలు.

దీని నుంచి ఒక నిర్ధారణకు రావచ్చు. తొలి తరగతికి రెండు మాటల పట్టికలు కావాలి. ఒకటి వినడానికి, పలకడానికి, విరవడానికి. ఇందులో ఏ మాటకూ నిషేధం లేదు. రెండవది చదవడానికి, రాయడానికి. ఇందులో క్రమం అవసరం. వాచకం ఈ రెంటినీ ఒకే పట్టికగా భావించడం వల్ల, రాయడానికి వీలులేని మాట పలకడానికీ తగదన్న భావం తరగతిలో ఏర్పడుతున్నది. బిడ్డ నష్టపోతున్నది అక్కడే.

5. ఆటపాటలు ఇప్పటికే చేస్తున్న పని

వినే పట్టికకు తగిన సాధనం మన మౌఖిక బాలసాహిత్యంలో ఉంది. వేటూరి ప్రభాకరశాస్త్రి ‘బాలభాష’, నేదునూరి గంగాధరం సంకలనాలు, బిరుదురాజు రామరాజు జానపదగేయ సాహిత్య పరిశోధన, వెలగా వెంకటప్పయ్య బాలసాహిత్య కృషి ఈ సంపదకు విద్వల్లోకంలో స్థానం కల్పించాయి. కాని సంకలనానికి సహజమైన పరిమితి ఒకటుంది. పాట అచ్చవుతుంది, పాటలో కాలు ముడిచిన చోటు, చేయి తట్టిన చోటు అచ్చుకాదు. బోధనకు పనికివచ్చేది ముఖ్యంగా ఆ చోటే.

కాళ్ళగజ్జ ఆటను తీసుకుందాం. పిల్లలు కాళ్ళు చాపి వరుసగా కూర్చుంటారు. ఒకరు పాట పాడుతూ ఒక్కొక్క కాలూ తాకుతూ వెళతారు. పాట ముగిసిన చోట తాకిన కాలు ముడవాలి. పాటలోని మాటలకు అర్థం ఉన్నా లేకున్నా తాకుడు మాత్రం తాళం తప్పదు. అంటే మూడేళ్ళ పిల్ల ధ్వనిప్రవాహాన్ని సమానమైన తునకలుగా విరిచి, ఒక్కొక్క తునకకు ఒక వస్తువును జత చేస్తున్నది. అక్షరానికీ ధ్వనికీ సంబంధం గ్రహించడానికి ముందు కావలసిన నైపుణ్యం ఇదే. చెమ్మచెక్కలో తునక చేతికి దక్కుతుంది. తొక్కుడుబిళ్ళలో గడికి దక్కుతుంది. అర్థం తెలియని వల్లెవేత మీద క్యాంబెల్ చేసిన ఆక్షేపణ పద్యం విషయంలో న్యాయమైనదే. అయితే పసివారి పాటలో అర్థం లేకపోవడం లోపం కాదు. అర్థం పక్కకు తప్పుకున్నప్పుడే చెవి ధ్వనిని ధ్వనిగా వింటుంది.

6. తరగతి గదికి కొన్ని పద్ధతులు

ఈ కింది పద్ధతులకు సుద్దముక్క, నేల, ఒక గుడ్డసంచి తప్ప ఖర్చు లేదు. అంగన్‌వాడీ నుంచి రెండో తరగతి వరకు వీటిని వాడవచ్చు.

ఒకటి, పేర్ల చప్పట్లు. హాజరు పిలిచేటప్పుడు ఒక్కొక్క పేరును అక్షరానికొక చప్పట్టుగా తరగతి అంతా విరవాలి. పేర్లలో సంయుక్తాక్షరాలు తరచుగా ఉంటాయి. రాయడానికి రానివి కూడా విరవడానికి వస్తాయని పిల్లలకు మొదటి రోజే తెలుస్తుంది.

రెండు, మాటల కాళ్ళగజ్జ. ఐదారుగురు చొప్పున వలయాలుగా కూర్చోబెట్టి, పాటకు బదులు ఒక మాటను నెమ్మదిగా పలుకుతూ అక్షరానికొక కాలు తాకాలి. ‘పడవ’కు మూడు కాళ్ళు. మూడవ కాలు ముడిచిన బిడ్డను ‘నీ కాలి మీద ఏం పడింది?’ అని అడగాలి. ‘వ’ అంటుంది. మాట చివరి ధ్వనిని వేరుచేసి చెప్పడం ఇలా ఆటగా వస్తుంది. ‘రొయ్య’ వచ్చినప్పుడు మొదటి కాలిని తాకి వదలకుండా కాసేపు ఒత్తి ఉంచి, అప్పుడు రెండవ కాలికి వెళ్ళాలి. ‘ఒత్తు’ అన్న పేరులోనే ఒత్తడం ఉంది. గుర్తును చూడకముందే బిడ్డ దాని బరువును కాలి మీద అనుభవిస్తుంది.

మూడు, గడుల ఆట. తొక్కుడుబిళ్ళ గడుల్లో అక్షరాలు రాసి, చెప్పిన మాట ప్రకారం గెంతించాలి. గడి–గడ్డి, గుడి–గుడ్డి, తట–తట్ట వంటి జంటలు ఇక్కడ ఉపయోగం. ఒత్తు లేని మాటకు ఒంటికాలి గెంతు. ఒత్తు ఉన్నచోట గెంతే ముందు ఒక క్షణం ఆగాలి. ఆ ఆగిన క్షణానికి రాతలో ఇచ్చే గుర్తే ఒత్తు అని తరువాత నల్లబల్ల మీద చూపాలి. చెవి విరుపును కంటి విరుపుతో కలిపే పాఠం ఇదే.

నాలుగు, సంచి పొడుపు. ఇంటి నుంచి తెచ్చిన వస్తువును గుడ్డసంచిలో దాచి, పేరు చెప్పకుండా దాని లక్షణాలు చెప్పించాలి. పొడుపు కథ అంటే నామవాచకాన్ని దాచిన నిర్వచనం. ఊతకు నేను అల్లుకున్న ఒక ఉదాహరణ: ‘నోళ్ళు రెండు, కడుపు లేదు, కింది నోటితో పట్టి పై నోటితో ఇస్తుంది.’ పిల్లలు ఇలాంటివి త్వరలోనే సొంతంగా కడతారు.

ఐదు, చెప్పిన వాక్యం. రోజుకు ఇద్దరు పిల్లలు ఒక్కొక్క వాక్యం చెప్పాలి. ఉపాధ్యాయుడు దానిని వారి మాటల్లోనే నల్లబల్ల మీద రాసి, వేలితో చూపుతూ చదవాలి. బిడ్డ ‘సేప’ అంటే మధ్యలో ఆపరాదు. రాతలో ‘చేప’ అని రాసి, చదివి వినిపిస్తే చాలు. పలుకుబడిని తప్పుపట్టకుండానే లిపి నియమం తెలుస్తుంది.

ఆరు, ఊకొట్టడం. మన కథకు వినేవారి ‘ఊ’ ఆధారం. కథ చెబుతూ ఎక్కడైనా ఆగి, ఊకొడుతున్న బిడ్డకు కథను అప్పగించాలి. ‘ఊ’ అక్షరాన్ని మొదటిసారి రాసి చూపవలసిన సమయం కూడా అదే. బొమ్మ అవసరం లేకుండా తానే ఒక మాటగా నిలిచే అచ్చు అది.

7. ఆక్షేపణలు – సమాధానాలు

స్థానిక పదాలతో పాఠం అంటే ప్రతి మండలానికి ఒక వాచకమా అన్న ప్రశ్న వస్తుంది. అవసరం లేదు. చదివే పట్టిక రాష్ట్రానికంతటికీ ఒకటే ఉండవచ్చు. వినే పట్టిక తరగతి గదిది. దానిని అచ్చు వేయనక్కరలేదు.

రెండవ ఆక్షేపణ నా మీద నాకున్నదే. ఊత, తాటిదోనె, గాలం అన్న పట్టిక పరిశోధకుడి గతస్మృతి కావచ్చు. కొల్లేరు 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలగా ప్రకటితమైంది. 2006లో అభయారణ్య పరిధిలోని చేపల చెరువుల గట్లు తెగగొట్టారు. ఆ పరిధికి వెలుపల చెరువుల సాగు జీవనాధారమైంది. నేటి కలిదిండి బిడ్డకు ఊత కన్నా ఏరియేటర్, మేత, ట్రే, సీడ్, లోడు అన్నవి దగ్గరి మాటలు. ‘చెరువు’ అంటే తామరపూల చెరువు కాదు, గట్టు మీద కాపలా పాక ఉన్న చేపల చెరువు. కనుక స్థానికత అంటే జానపద ప్రదర్శనశాల కాదు. ‘ఊత’ రాకపోవడం నాకు ఎంత లోటో, ‘ట్రే’ రాకపోవడం నేటి బిడ్డకు అంత లోటు. ఏ మాటలు రావాలో నిర్ణయించవలసింది సేకర్త కాదు. సంచిలో వస్తువు వేసుకొచ్చిన బిడ్డ. పని కోసం వలస వచ్చిన కుటుంబాల పిల్లలు తెచ్చే మాటలకూ ఇదే నియమం వర్తిస్తుంది.

మూడవది, తల్లిదండ్రులు కోరేది ఆంగ్లం కదా అన్నది. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయసును పునాది దశగా గుర్తించి, కనీసం అయిదో తరగతి వరకు వీలైనచోట ఇంటి భాషలో బోధన జరగాలన్నది. 2021 జూలై 5న ప్రారంభమైన నిపుణ్ భారత్ పునాది అక్షరాస్యతను లక్ష్యంగా పెట్టుకుంది. మాధ్యమం మీద వాదం ఎటు తేలినా, మాటను ధ్వనులుగా విరవగల చెవి ఏ భాష చదవడానికైనా పనికివస్తుంది. ఆ చెవి మొదట ఇంటి మాట మీదే పదునెక్కుతుంది.

8. ముగింపు

తెలుగు తొలి వాచకపు కష్టం కేవలం బోధనాశాస్త్ర సమస్య కాదు. అది లిపికీ ఉచ్చారణకూ మధ్య, ముద్రిత పాఠానికీ మౌఖిక పాఠానికీ మధ్య ఉన్న సాహిత్య సమస్య కూడా. గురులఘువుల లక్షణం చెప్పగలిగిన మనమే ‘అమ్మ’ రాయలేని బిడ్డ దగ్గర ఏం జరుగుతున్నదో చెప్పగలం. తెలుగు శాఖలు ప్రాథమిక పాఠశాలకు ఇవ్వగలిగినది ఈ వివరణ. పుచ్చుకోవలసినది పాట అచ్చులో జారిపోయిన కాలి విరుపు, చేతి తట్టు. బాలగేయాల సేకరణలో ఇకముందు పాటతో పాటు ప్రతి తాకుడు ఏ అక్షరం మీద పడిందో గుర్తించి నమోదు చేయాలని, అది ఛందోపరిశోధనకూ తొలి తరగతికీ ఒకేసారి ఉపకరిస్తుందని ఈ వ్యాసం సూచిస్తున్నది.

ఊయల మంచి మాటే. దాని పక్కన ఊతకు కూడా నల్లబల్ల మీద చోటుంది. రెండూ మొదలయ్యేది ఒకే అక్షరంతో.